గుమ్మంలో మామగారి ముక్కు

మామగారికున్నది ఒకే ఒక్క పిచ్చి. గుమ్మం తొక్కిన ప్రతి మనిషినీ వాసన చూస్తారు.

చూడడమంటే అలా ఇలా కాదు. చేతికర్ర అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని, భుజం దగ్గర మొదలెట్టి చొక్కా జేబుదాకా ముక్కుతో కొలుస్తారు. "ఊఁ..." అంటారు. ఇక మాట్లాడరు. అవతలివాళ్లకి చెమటలు పడతాయి.

"ఒక్కటే కాల్చానండీ, అదీ పొద్దున!" అని బిక్కచచ్చిపోయాడు మీటరు చూడ్డానికొచ్చినతను.

"సెంటు కాదన్నయ్యగారూ, సబ్బు!" అంది పక్కింటావిడ.

"ఊఁ..."

"సరే, కాస్త సెంటు కూడా."

నలభై ఏళ్లు కుర్చీలకీ బల్లలకీ వార్నిష్ వేసి రిటైరైన మనిషికి వీధివాళ్లు ముక్కాయన అని పేరు పెట్టి నవ్వుకునేవారు. కోడలికి మాత్రం ఏడుపొచ్చేది.

ఆమె కష్టం ఆమెది. బుడ్డోడు ఏడు వారాలు ముందే పుట్టాడు. రెండేళ్లు నిండకుండానే ఈ చలికాలంలో మూడుసార్లు ఆసుపత్రి. కాస్త జలుబు చేస్తే చాలు, ఛాతీలోకి దిగి పిల్లికూతలు మొదలు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతుంటే చూడలేక చూస్తూ కూర్చునేది.

"ఇదీ అని ఒక్క కారణం చెప్పలేమమ్మా," అంది డాక్టరమ్మ. "నెలలు నిండకపోవడం, కడుపులో ఉన్నప్పుడూ పుట్టాకా తగిలిన సిగరెట్ పొగ, గోడల చెమ్మ, మాటిమాటికీ జలుబులు... చాలామందికి ఆరేళ్లొచ్చేసరికి తగ్గిపోతుంది."

"తగ్గనివాళ్లకి?"

డాక్టరమ్మ తలొంచుకుని మందులు రాయడంలో పడింది.

ఆ చెప్పినవాటిలో ప్రతిదీ తన తప్పే అనిపించింది కోడలికి. నెలలు నిండకుండా కన్నది తను. మొగుడు బాల్కనీలో కాలుస్తుంటే గొడవెందుకని నోరు మూసుకున్నదీ తనే. వీడు పరిగెత్తే రోజొకటి చూస్తానా అని లోలోపల కుమిలిపోయేది.

పైగా వచ్చే నలుగురినీ ఈయన తరిమేస్తున్నాడు. పోయిన వారం తన సొంత అక్క, కొడుకుని ఎత్తుకుని వస్తే ఆమెనీ గుమ్మంలో ఆపాడు. "ఊఁ..." అనగానే అక్క, "మావాడికి కాస్త జలుబు, అంతే!" అంది. జలుబుకి కూడా వాసనుంటుందా? అక్క ఏడుస్తూ వెనక్కి వెళ్లిపోయింది. కోడలికి ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది.

ఇవాళ పొద్దున ఆమె పాలు పొయ్యిమీద పెట్టి, గదిలో బుడ్డోడికి మాస్కు పెట్టి మందు పీల్పిస్తోంది. మాడు వాసన గదిదాకా కొట్టింది. వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యికి వీపు పెట్టి, మామగారు తాపీగా బీన్స్ తుంచుతున్నారు.

"మామయ్యగారూ! గిన్నె మాడి బొగ్గయింది! ఇంత వాసన తెలియలేదా మీకు?"

ఆయన గిన్నెవైపు చూశారు. గబగబా లేచి పొయ్యి ఆర్పి, కిటికీలు బార్లా తెరిచారు.

"తెలియలేదమ్మా. నాకు వాసనలు పోయి పదహారేళ్లు. వార్నిష్ తినేసింది."

"మరి గుమ్మంలో రోజూ..."

"ఊఁ అని ఊరుకుంటానంతే. మిగతాది వాళ్లే కక్కేస్తారు."

కోడలికి ఒళ్లు మండింది. "మరి మా అక్కనెందుకు ఏడిపించారు?"

"పిల్లాడి ముక్కు కారుతోంది, కళ్లున్నాయిగా నాకు. లోపలికి తేవద్దని నువ్వు చెప్పగలవా అక్కతో? మీ ఆయనతో సిగరెట్ మానమని చెప్పగలిగావా?"

ఆమె మాడిన గిన్నెని పంపు కింద పెట్టింది.

"నువ్వు చెబితే గయ్యాళి అంటారు, చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటారు. నేనంటే ముసలాడికి చాదస్తం అని సరిపెట్టుకుంటారు. నీకు బిడ్డ దిగులొకటి చాలు తల్లీ, చెడ్డపేరు కూడా ఎందుకు?"

గదిలో పిల్లికూతలు ఇంకా ఆగలేదు. కోడలు చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇది మాత్రం ఎవరికీ చెప్పకు," అన్నారాయన. "ముఖ్యంగా నీ మొగుడికి. ఆ వెధవ నా ముక్కుకి భయపడే నాలుగు నెల్లుగా మానేశాడు."

"చెప్పనండీ. కానీ వాళ్ల పిల్లాడికి జలుబు తగ్గాక అక్కని రమ్మంటాను. అప్పుడు మీరు ఊఁ అనకూడదు."

"ఒక్కసారంటానే! ఇంకా ఏం దాచిందో తెలియద్దూ?"