ప్రయాణికులు కనబడని బస్సు

మా బావ కంప్యూటర్లు బాగుచేస్తాడు. కొత్త కంప్యూటర్లో ఏదైనా పాత ఆట, బొమ్మలు సరిగా రాక, మొరాయిస్తోందంటే చాలు, అన్నం ముందు నుంచి లేచి పోతాడు. మా అక్క తిట్టని తిట్టు లేదు. ఆటలో గోడ నీడ తప్పు దిక్కున పడినా ఆయనకు నిద్ర పట్టదు.

ఒకసారి నన్నూ వెంటేసుకుని ఒక రిటైరైన బస్సు డ్రైవరుగారింటికి వెళ్ళాడు. ఆయన భార్య అదే బస్సులో కండక్టరుగా చేసింది. ఇప్పుడిద్దరూ ఇంట్లో పాత బస్సు ఆట ఆడుకుంటారు. ఆయన నడుపుతాడు, ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని రైట్, హోల్డాన్ చెబుతుంది. కొత్త కంప్యూటరు వచ్చాక ఆటలో రోడ్డు, స్టాపు కనబడుతున్నాయి గాని ప్రయాణికులు మాయమయ్యారు. వారం నుంచి బస్సు మొదటి స్టాపులోనే ఉంది. మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు.

“ఖాళీ బండికి రైట్ చెప్పనని ఆయనతో చెప్పు బాబూ,” అంది ఆవిడ.

“రైట్ చెప్పందే బండి కదలదని ఆవిడతో చెప్పవయ్యా,” అన్నాడాయన. ఇద్దరి కుర్చీల మధ్య జానెడు దూరం లేదు.

నాకు ఒళ్ళు మండి నేనే గట్టిగా “రైట్” అన్నాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

“మధ్యలో నువ్వెవరయ్యా?” అంది ఆవిడ.

బావ ఆటను పాత పద్ధతిలో నడిచేలా మార్చాడు. స్టాపులో ఒట్టి చెప్పులు వరుసగా ప్రత్యక్షమయ్యాయి. “పాత ఆట చెప్పేది కొత్త గ్రాఫిక్స్ కార్డుకు అర్థం కావట్లేదు,” అంటూ రెండింటి మధ్య దుబాసీలా పనిచేసే చిన్న ఫైలు ఒకటి ఎక్కించాడు. చెప్పుల మీద మనుషులు వచ్చారు. అందరూ బస్సెక్కారు.

ఆవిడ రైట్ చెప్పబోయి ఆగింది. “ఏమండీ, ఒకాయన తలుపులోంచి సగం బయటే ఉన్నాడు.”

డ్రైవరుగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. “అవునే. కదిలిస్తే పడతాడు. ఎక్కనీ, ఆగుదాం.”

“బొమ్మ సరిగా అతకలేదమ్మా, ఇంకొక్క సెట్టింగు మారిస్తే,” అంటూ బావ మౌస్ అందుకున్నాడు.

“తొందరేముంది బాబూ,” అంది ఆవిడ. ఆ బొమ్మమనిషి ఎక్కడ దిగాల్సినవాడో, లోపలికి ఎందుకు రావడం లేదో ఇద్దరూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూసి, ఇందాక విసుక్కుని అరిచినందుకు నాకే సిగ్గేసింది.

బావ వాళ్ళిద్దరినీ చూశాడు. మౌస్ వదిలేసి సంచీ సర్దుకున్నాడు.

“బస్సు ఇంకా కదల్లేదుగా బావా?” అన్నాను మెట్లు దిగుతూ.

“పద,” అన్నాడు. ఇంటికి చేరేదాకా ఆ తలుపు దగ్గరి మనిషి గురించే గొణుక్కున్నాడు. వెనక్కి మాత్రం వెళ్ళలేదు.