మూడో అంతస్తులో చక్రాల డిష్‌వాషర్లు

పాత డిష్‌వాషర్ తలుపు కిందికి దించగానే ముందు గట్టిపడిన రబ్బరు వాసన వస్తుంది, దాని వెనకే ఏళ్లతరబడి మగ్గిన సబ్బుపొడి వాసన, తల ఇంకాస్త లోపలికి పెడితే ఎవరింట్లోనో ఎప్పుడో వండుకున్న కూరల జిడ్డు వాసన. ఆష్‌బర్న్‌లో మా గరాజ్ నిండా ఇవే. మా కార్లు బయట మంచులో తడుస్తుంటే, నాకంటే వయసులో పెద్దవైన ఐదు మెషీన్లు లోపల వెచ్చగా ఉంటాయి. వంటగట్టు కింద బిగించే రకం కాదివి. నాలుగు చక్రాల మీద ఓ మూల బల్లలా నిలబడి ఉంటాయి. గిన్నెలు కడిగే వేళకి సింకు దగ్గరికి దొర్లించుకొచ్చి, వెనకున్న గొట్టాన్ని కుళాయి మూతికి తగిలించాలి.

ఈ పిచ్చి నాకు నాన్న నుంచి వచ్చింది. నా ఎనిమిదేళ్ల వయసులో మేం జెర్సీ సిటీలో ఓ పాత బిల్డింగ్ మూడో అంతస్తులో ఉండేవాళ్లం. వారంలో ఐదు రోజులూ రైలెక్కి మన్‌హాటన్ వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చే నాన్నకి, శనివారం చేతులకి గ్రీజు అంటకపోతే తోచేది కాదు. ఎవరో ఖాళీ చేసి పోతూ కాలిబాట మీద వదిలేసిన డిష్‌వాషర్‌ని ఆయన వెనక నుంచి నెడుతుంటే, నేను ముందు నడుస్తూ దారిలో రాళ్లు ఏరేసేదాన్ని. ముద్దబంతి రంగుదొకటి, పచ్చి మామిడి రంగుదొకటి, ఇటుక రంగుదొకటి, అన్నిటికీ పైన చెక్క పలక. విప్పిన మరలన్నీ అమ్మ గుంతపొంగణాల పెనంలో, ఒక్కో గుంటలో ఒక్కో సైజు, సర్దడం నా పని. "అసిస్టెంట్, మూడో గుంట!" అని నాన్న చెయ్యి చాపితే అందించడంలో ఉన్న గొప్ప మళ్లీ ఏ ఉద్యోగంలోనూ నాకు దొరకలేదు. చలికాలం సాయంత్రాల్లో మెషీన్ తిరుగుతుంటే ఆ చెక్క పలక మీదెక్కి కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. కింద స్టీలు కంచాలు గలగలమంటుంటే, తలుపు సందుల్లోంచి ఇంగువ, చింతపండు, నిమ్మ సబ్బు కలిసిన ఆవిరి వచ్చి కాళ్లకి తగిలేది. దసరాకి వాటన్నిటికీ పసుపు, బొట్టు. చక్రాల కింద నిమ్మకాయలు. తర్వాత ఆ పలకల మీదే పులిహోర, గారెలు.

అమ్మకి డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయడానికి లేదు. పగలంతా ఆ రెండు గదుల్లోనే. నాలుగో మెషీన్ వచ్చి మంచం పక్కన చేరిన రోజు, "ఇది కొంపా, పాతసామాన్ల కొట్టా?" అంది. నాన్న నవ్వేశారు. నేనూ నవ్వాను.

ఆ నెలలోనే బిల్డింగ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇలాంటి మెషీన్లు ఇళ్లలో ఉంచుకోవడం లీజు ప్రకారం కుదరదనీ, వారంలో తీసేయాలనీ. నాన్న ఉత్తరం మడిచి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఎవరికైనా చెప్పావా, అమ్మలూ?"

"జెన్నీకి చూపించాను," అన్నాను. జెన్నీ మా కింది అంతస్తులో ఉండేది, నా క్లాసే.

"అయితే అంతే," అన్నారు నాన్న. అమ్మ సింకు దగ్గర, మాకు వీపు పెట్టి, కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది.

శనివారం పొద్దున్న నాలుగింటినీ కిందికి దించి చెత్త బండి కోసం పెట్టాం. నాన్న నన్ను తిట్టలేదు. కానీ అసిస్టెంట్ అని పిలవడం మానేశారు, ఇంకో మెషీన్ తేనూ లేదు. జెన్నీతో నేను మళ్లీ మాట్లాడలేదు. ఎందుకని ఆ పిల్ల మెట్ల మీద ఏడుస్తూ అడిగినా చెప్పలేదు.

పెద్దయ్యాక, పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మే ఓ ఎస్టేట్ సేల్‌లో అచ్చం ఆ ముద్దబంతి రంగు మెషీనే దొరికింది. బాగుచేసి, అప్పటికి అమ్మా నాన్నా ఉంటున్న ఫ్రిస్కో నుంచి నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు చూపించాను. ఆయన చెక్క పలకని అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచారు.

"సారీ నాన్నా. ఆ రోజు నా వల్లే పోయాయి."

ఆయన నా తల నిమిరారు. "పోనీలే అమ్మలూ. చిన్నపిల్లవి, నీకేం తెలుసు," అన్నారు. అన్నేళ్ల బరువు దిగిపోయినట్టు ఏడ్చాను. మరుసటి ఏడాది ఆయన పోయారు. నేను మాత్రం ఆయన కోసమన్నట్టు ఒక్కొక్కటే మెషీన్లు చేరుస్తూ వచ్చాను.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. పోయిన నెల నేను గరాజ్‌లో కొత్త గొట్టం బిగిస్తుంటే టీ తెచ్చి, చుట్టూ చూసి, "తండ్రికి తగ్గ కూతురివి," అంది. "ఆ వేళ నేను ఆఫీసుకి ఫోన్ చేసుండకపోతే ఆ కొంపలో కాలు పెట్టే చోటు కూడా మిగిలేది కాదు."

"నువ్వా ఫోన్ చేసింది?"

"మరింకెవరు? మీ నాన్నకి నోటితో చెబితే వినేవారా?"

"నేనే చెప్పానని అనుకున్నారమ్మా! నువ్వక్కడే ఉన్నావు!"

అమ్మ టీ కప్పు మెషీన్ మీద పెట్టింది. "మీ నాన్నకి ఆ వారంలోనే చెప్పేశాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే, దానికి చెప్పకు, తల్లి మీద మనసు విరిగిపోతుంది, పసిది, అదే మర్చిపోతుందిలే అన్నారు."

అమ్మ మీద కోపం వచ్చింది, కానీ అర్థమైంది. ఆ రెండు గదుల్లో పగళ్లు గడిపింది ఆవిడ. నాన్న సంగతే అర్థం కాలేదు. అన్నీ తెలిసి, ఈ గరాజ్‌లోనే నిలబడి, నా చేత సారీ చెప్పించుకున్నారు.

ఇప్పటి డిష్‌వాషర్లు వంటగట్టులో కలిసిపోయి, తిరుగుతున్నాయో లేదో కూడా తెలియనివ్వవు. జెర్సీ సిటీలో మా బిల్డింగ్ ఉన్నచోట అద్దాల టవర్ లేచింది. జెన్నీని వెతుకుదామంటే దాని ఇంటిపేరు గుర్తు రావడం లేదు. అమ్మకి వేళకి అన్నం పెడుతున్నాను, మందులిస్తున్నాను, మాట్లాడుతూనే ఉన్నాను. నాన్న ఫోటోతోనే మాట్లాడలేకపోతున్నాను. ఆ రోజు నా తల నిమిరిన చెయ్యి నన్ను క్షమిస్తోందని నమ్మాను, నిజం దాచి ఊరుకోబెడుతోందని తెలియలేదు.