టీకాలకు కాపలా ఉన్న నర్సమ్మ

పాడేరు పెద్దాసుపత్రిలో చేర్చిన మా నర్సమ్మ గారు పోయారు. సోమవారం అక్కడి నుంచి వచ్చిన జీపు డ్రైవరు మా ఆసుపత్రి గేటు దగ్గర ఆపి ఆ మాట చెప్పాడు. ఊడుస్తున్న చీపురు గేటుకు ఆనించాను. ఇరవై ఏళ్లు ఆమె దగ్గర ఆయాగా పనిచేశాను.

ఆమె మైదానం మనిషి. కొండకు బదిలీ మీద వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. మా ఏజెన్సీలో గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కూ తెలియదు. ఫ్యాను ఆగితే మేమంతా పైకి చూసేవాళ్లం. ఆమె మాత్రం టీకాల ఫ్రిజ్ వైపు చూసేవారు. "మూత తీయకే గుంటా. లోపలున్న సల్లదనమే ఇప్పుడు మన కరెంటు" అనేవారు.

ఒక వానాకాలం మూడు రోజులు కరెంటు లేదు. పై ఊళ్ల తల్లులు టీకాల కోసం పసిపిల్లలతో నడిచొచ్చి వరండాలో కూర్చున్నారు. ఫ్రిజ్ నాకు అప్పగించి ఆమె పక్క ఊరికి కాన్పు చేయడానికి వెళ్లారు. నాకేమో మనసు ఆగలేదు. మందు పాడవుతోందేమోనని మూత తీసి చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. గంటాగి మళ్లీ చూశాను. చూసిన ప్రతిసారీ చల్లదనాన్ని నేనే బయటికి పంపుతున్నానని తట్టలేదు. నా తెలివి అలా ఏడ్చింది.

ఆమె వచ్చి సీసాల చీటీలు చూశారు. వాటి మీది తెల్ల గడి నల్లబడింది, అంటే ఇక ఆ మందు పనికిరాదు. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. నన్ను ఒక్క మాట అనలేదు. వరండాలోకి వెళ్లి, "తప్పు నాదేనమ్మా, నేనే సరిగ్గా సూసుకోలేదు. మీరు మళ్లీ రావద్దు, మీ ఊళ్లకి నేనే తెత్తాను" అన్నారు. ఆ రోజు నా పేరు చెప్పి ఉంటే ఈ కొండల్లో నేను తలెత్తుకు తిరిగేదాన్ని కాదు.

అన్నట్టే పాడేరు నుంచి కొత్త మందు తెచ్చి, ఐసు పెట్టె భుజాన వేసుకుని వానలో ఊరూరా తిరిగారు. ఒక్క బిడ్డకూ టీకా తప్పలేదు.

మొన్న ఆమెను మట్టిచేశాక ఆనాటి తల్లులు కనిపించారు. ఇక దాచుకోలేక చెప్పేశాను. "ఆ రోజు ఫ్రిజ్ తీసింది నేనే. నర్సమ్మ గారి తప్పేమీ లేదు."

ఒకామె నా వైపు చూసి, "నువ్వు అంబలి కాయడానికెల్లినప్పుడు నేనూ ఓపాలి తీసి సూసినానే" అంది.

పక్కనున్నామె తల దించుకుంది. "నేనూను."

ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, కొత్త మట్టి అంటిన చేతులతో కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాం.