దూదికి గుండు కొట్టించిన వేసవి

ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి, ఫ్యాను గాలి ఇటే వస్తుంది. చేతిలో పనేదైనా ఉంటే అదీ తెచ్చుకోండి, వింటూ చేసుకోవచ్చు.

మొన్న పటమటలో మా మనవరాలి ఫ్లాట్‌లో బీరువా సర్దుతుంటే, పాత చీర మడతల్లోంచి మా బామ్మ చెక్క దువ్వెన జారిపడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె, మందారాకు, ఆ రెండిటి అడుగున వానలో తడిసిన కుక్క వాసన. సరిగ్గా అప్పుడే మనవరాలు సాహితి తన తెల్ల బొచ్చుకుక్కపిల్లని చంకనేసుకుని వచ్చి, "అమ్మమ్మా, ఎండలు చంపేస్తున్నాయి. రేపు వ్యాన్‌లో మెషిన్ పెట్టుకుని వస్తారు, దీనికి ఫుల్‌గా గుండు బుక్ చేసేశా" అంది. "ఆగవే తల్లీ, ముందు దూది సంగతి విను" అన్నాను.

మాది కంకిపాడు. బడిపంతులైన మా నాన్న, హనుమాన్ జంక్షన్‌లో స్నేహితుడింట పుట్టిన పామరేనియన్ పిల్లని కూరగాయల సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. సంచిలోంచి తెల్లటి తల బయటికొస్తే కండక్టరు, "ఏంటండీ మాస్టారూ, పత్తికి కళ్ళు మొలిచాయి?" అన్నాడట. అందుకే దూది అని పిలిచాం.

బామ్మది నిప్పులు కడిగే మడి. "అది గడప దాటిందా, నా కాశీ ప్రయాణమే" అంది మొదటిరోజే. దూదికి ఎవరు చెప్పారో ఏమో, వసారాలోనే ఆగిపోయేది. ముందుకాళ్ళు గడపకి ఆనించి, మెడ చాచి, లోపల పోపు చిటపటలాడుతుంటే ముక్కు ఎగరేసేది. వానాకాలం తడిసి ఎలుకంత అయ్యేది, నేను పాత తువ్వాలుతో తుడిచేసరికి మళ్ళీ బంతిలా పొంగేది. తాటిముంజెల రోజుల్లో తొక్కలు నాకి మూతంతా జిగురు చేసుకునేది, తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే బిళ్ళ నోట కరుచుకుని పరిగెత్తేది, పాలవాడిని మాత్రం రోజూ కొత్త దొంగని చూసినట్టు మొరిగేది. అంత అందమైన, అంత బుద్ధిగల ప్రాణిని నేను మళ్ళీ చూడలేదు.

బామ్మ కార్తీకమాసంలో లక్షవత్తుల నోము పట్టాలని మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని, గింజలు తీసిన పత్తిని ఏకి, వేళ్ళకి విభూది అద్దుకుని వత్తులు చేసేది. పక్కన మెట్టుమీద దూది పడుకునేది, కాలవ గాలికి దాని వెంట్రుకలు ఎగిరేవి. పత్తీ తెలుపే, అదీ తెలుపే, ఎవరు చూశారు? ఒక శుక్రవారం బామ్మ కొత్త వత్తి ఒకటి వెలిగించేసరికి దేవుడిగదంతా వెంట్రుకలు కాలిన కంపు. బుట్టలో వత్తులు విప్పి చూస్తే అన్నిట్లోనూ మా దూది బొచ్చే. నెలల తరబడి చేసిన పని. బామ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది. తేరుకుని, "ఒరే, ఆ బొచ్చయినా పోవాలి, ఆ కుక్కయినా పోవాలి. ఏది పంపిస్తావో నీ ఇష్టం" అంది నాన్నతో. నేను దూదిని కావలించుకుని వదల్లేదు.

"బొచ్చే తీయిద్దాం, ఎండాకాలం దానికీ హాయి" అన్నారు నాన్న. క్షవరం చేసే సుబ్బయ్య వచ్చి, కత్తెర ఆడిస్తూ, "గుండయ్యాక గంధం కూడా పూయమంటారా బామ్మగారూ?" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. దూది సిగ్గుపడి వసారాలో మంచం కింద దూరింది.

అసలే రోహిణికార్తె. కొద్ది రోజులకే దాని గులాబీరంగు వీపు ఎర్రబారి బొబ్బలెక్కింది. పెరుగన్నం వాసన చూసి తల తిప్పుకుంది. నాలుక వేలాడేసి పడిపోయింది. పశువుల డాక్టరుగారు వచ్చి, "ఆ బొచ్చేనండీ దానికి గొడుగు. ఊడే వెంట్రుకలు రోజూ దువ్వి తీస్తే సరిపోయేది. ఇప్పుడిది తట్టుకుంటుందో లేదో చెప్పలేను, ముందు చల్లటి చోటికి మార్చండి" అన్నారు.

అప్పుడే తడిచీరతో స్నానం ముగించుకొచ్చిన బామ్మ గడపలో నిలబడి అంతా వింది. "ఇంటిమీద తాటాకు పీకేసి, చల్లగా ఉంటుందనుకున్నాం" అని గొణుక్కుంది. ఉన్నపళంగా కిందికి వంగి దూదిని రెండు చేతులా ఎత్తుకుంది.

"బామ్మా, మడి!" అని అరిచాను.

"మళ్ళీ మునుగుతాలేవే. నువ్వెళ్ళి సానా, గంధపుచెక్కా పట్రా."

గడప దాటించి, తన గదిలో నీళ్ళకుండ పక్కన పడుకోబెట్టి, దేవుడికి తీసే గంధం తీసి వీపంతా పూసింది. అటుగా వచ్చిన సుబ్బయ్య కిటికీలోంచి చూసి, "అయితే పూశారన్నమాటండీ" అన్నాడు మెల్లగా. "నోర్మూసుకుని ఆ తడిగుడ్డ ఇలా అందుకో" అంది బామ్మ. మర్నాడు ఆవిడ వేళ్ళకంటిన పెరుగన్నం దూది నాకింది.

తొలకరికి నూగు మొలిచింది, కార్తీకానికి మెడచుట్టూ కుచ్చు తిరిగింది. ఆ ఏడు నోము లేదు. "వచ్చే కార్తీకం ఎక్కడికి పోతుందిలే" అంది బామ్మ. రోజూ పొద్దున్నే, స్నానానికి ముందు, పెరట్లో గోరింట కంచె పక్కన తన దువ్వెనతోనే దువ్వేది. పైపైన కాదు, పొరలు పొరలుగా ఎత్తి, కుదుళ్ళదాకా, చెవుల వెనకా చంకల్లోనూ చిక్కులు వేళ్ళతో విడదీస్తూ. ఆ వెంట్రుకల్ని పిచ్చుకలు ముక్కున కరుచుకుని చూరులోకి ఎగిరిపోయేవి. ఒళ్ళు బాగయ్యాక దూది మళ్ళీ గడప బయటే ఆగిపోయింది. "రావే మహాతల్లీ, నాకు లేని మడి నీకెందుకు?" అని బామ్మే పిలిచేది.

ఇదంతా విని సాహితి ఫోన్ తీసి బుకింగ్ రద్దు చేసి, దువ్వెనందుకుని బాల్కనీలో కూర్చుంది. నేను పొరలెత్తి చూపించాను, తను దువ్వింది. ఒళ్ళో తెల్లటి వెంట్రుకలు గుప్పెడయ్యాయి. గ్రిల్లు మీద పెట్టి చాలాసేపు చూశాను. ఆ వసారా లేదు, ఆ చూరు లేదు, ఏ పిచ్చుకా రాలేదు. కుక్కపిల్ల మాత్రం నా పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.

మీ ఇంట దీపం కమ్మగా వెలగాలి నాయనా. మీ గడపలో మీకోసం ఎదురుచూసే ప్రాణం ఒకటి ఎప్పుడూ ఉండాలి. ఇంటిల్లిపాదీ చల్లగా ఉండండి.