చామనచాయ కోసం కొన్న మానిటర్

నా భార్య ఛత్రినాకలో మా ముందుగదిలోనే డీటీపీ పని చేసేది. పెళ్ళిపత్రికలు, బోనాల కరపత్రాలు చేసేది, చనిపోయినవాళ్ళ ఫొటోలు ఫ్రేముకు దిద్ది ఇచ్చేది. ఆమె పోయినప్పుడు దశదినకర్మ ఫ్లెక్సీ కోసం బంధువులెవరో ఒక పెళ్ళి ఫొటోలోంచి ఆమె ముఖం కత్తిరించి ఇచ్చారు. స్టూడియోవాళ్ళు అలవాటు ప్రకారం తెల్లగా చేశారు. ఆమెది చామనచాయ. ఏడాదిగా ఆ తెల్ల ముఖమే ఫ్రేములో మా గోడ మీద ఉంది. దండ వేసినప్పుడల్లా ఎవరో తెలియని ఆవిడకు వేస్తున్నట్టుండేది.

సంవత్సరీకం ఇంకా పది రోజులుంది. ఆలోపు ఆ ఫొటో మార్చాలనుకున్నాను. బస్ పాస్ కోసం ఆమె తనే దిద్దుకున్న ఫొటో ఆ కంప్యూటర్‌లో ఉండాలి. కానీ పాత మానిటర్ వెలగడం మానేసింది. సీపీయూ తెచ్చిస్తే తీసి పెడతామని స్టూడియోవాళ్ళు అన్నారు. ఆమె ఫైళ్ళు పరాయివాళ్ళు తెరవడం నాకిష్టం లేదు. కొత్త మానిటర్ కోసం మలక్‌పేటలో ఒక చిన్న దుకాణానికి వెళ్ళాను.

"తక్కువల ఏదుంటే అది చూపియ్యి భాయ్."

నా వయసే ఉన్న దుకాణదారు ఒక మానిటర్‌లో సముద్రం, రామచిలుకలు ఉన్న వీడియో పెట్టాడు.

"ఇది వద్దు. ఉత్త తెల్లపేజీ పెట్టు."

"తెల్లపేజీల ఏం గనపడ్తది అన్నా?"

"గదే చూడాలె."

రంగుల బొమ్మలో లోపం తెలియదని, తెల్లపేజీలో దాచడానికి ఏమీ ఉండదని నా భార్య అనేది. నాలుగు మూలలూ చూశాను. ఎడమవైపు కింద పసుపుబారినట్టుంది. ఇంకోటి పెట్టమన్నాను.

"పిల్లను చూడొచ్చినోళ్లు గూడ ఇంతసేపు చూడరన్నా!"

"మా ఇంటామె అయితే ఇంకా చూస్తుండె."

"అయితే రేపు భాభీని తోల్కరా, ఫికర్ ఎందుకు?"

రెండోదాని నాలుగు మూలలూ తెల్లగానే ఉన్నాయి. అదే కట్టమన్నాను. మా పాత సీపీయూకు సరిపడే వైరు కూడా వెతికి ఇచ్చాడు.

సాయంత్రం వదిన వచ్చింది. నా భార్యకు అక్క. రెండు వీధుల అవతలే ఉంటుంది. కొత్త వస్తువు అనగానే పసుపు, కుంకుమ గిన్నెలు తెచ్చింది. పాత మానిటర్‌కు బెత్తెడు ప్లాస్టిక్ అంచు ఉండేది. ప్రతి దసరాకూ నా భార్య దాని మీదే బొట్టు పెట్టేది. దీనికి అంచే లేదు.

"ఇదేంది మరిదీ, దీనికి నుదురే లేదు!" అంటూనే వదిన వేలు ఆనించింది. పసుపు తెర మీదే పడింది.

అలాగే ఉండనిచ్చి కంప్యూటర్ ఆన్ చేశాను. ఫొటో దొరికింది.

ఈ ఫొటో నేను పాత తెర మీద ఒకసారి చూశాను. దాని మీద ప్రతిదీ కాస్త ఆకుపచ్చగా కనిపించేది. "జబ్బు మనిషి లెక్క ఉన్నవు" అన్నాను అప్పుడు. "తెరను చూడకు. ప్రింట్ల ఎట్లొస్తదో నాకెరుక" అంది. ఆ ప్రింట్ ఎలా వచ్చిందో నేను అడగలేదు. చెడిపోయిన తెర మీద అన్నేళ్ళు సరైన రంగు ఎలా పట్టుకోగలిగిందో కూడా అడగలేదు.

ఇప్పుడు ఆమె రంగు ఉన్నదున్నట్టు ఉంది. కళ్ళ కింది నలుపు కూడా తీయలేదు.

వదిన దగ్గరికి జరిగింది. దొరికే ఫొటోను కూడా స్టూడియోలో ఇచ్చి జర తెల్లగ చేయించమని, చుట్టాలొస్తారని వారం నుంచి చెబుతున్నది ఆమే. తెర మీది పసుపును కొంగుతో తుడిచింది.

"అది అడ్డమొస్తే రంగు సరిగ్గ తెలుస్తలేదు," అంది. కాసేపు చూసింది. "గిట్లనే ఉంటుండె నా చెల్లె. ఏం చేపియ్యకు మరిదీ."

బొట్టు మానిటర్ కింది కాలికి పెట్టి వెళ్ళింది.

మర్నాడు ఆ ఒక్క ఫొటోనే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళితే స్టూడియోలో అడిగారు, కొంచెం వెలుతురు పెంచమంటారా అని. వద్దన్నాను. ఫ్రేము తెచ్చి, గోడ మీది పాతది దించి, అదే మేకుకు తగిలించాను.