బేరియం గ్లాసు, పొంగలి దొన్నె

1979 జూన్‌లో నన్ను చిత్తూరు నుంచి తిరుపతిలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి రేడియోగ్రాఫరుగా బదిలీ చేశారు. రేడియోగ్రాఫరంటే ఎక్స్‌రే తీసేవాడు. తీసిన ఫిల్ము చూసి జబ్బు చెప్పే అధికారం రేడియాలజిస్టుగారిది. ఫిల్ము బాగా రాకపోతే తిట్లు తినే అధికారం మాత్రం పూర్తిగా నాదే. అక్కడి యంత్రం ఎక్స్‌రేలు కనిపెట్టక ముందే తయారైనట్టుండేది. మీట నొక్కితే అలిపిరి దాకా దీపాలు మసకబారేవి.

శనివారం మాకు బేరియం మీల్ రోజు. పేరులో భోజనముంది గానీ, నిజానికది సున్నం కలిపినట్టుండే తెల్లటి మందునీళ్లు. నేను కలిపిన ఒక్క గ్లాసుతో మూడు గదులకు వెల్ల వేయవచ్చు. రోగి దాన్ని తాగితే ఫిల్ము మీద కడుపు ఆకారం తెల్లగా తేలుతుంది. లోపల పుండుంటే ఆ గుంటలో బేరియం నిలిచి చుక్కలా కనిపిస్తుంది. జనం కడుపులో పుండు అనేదాన్ని డాక్టర్లు పెప్టిక్ అల్సర్ అంటారు. జీర్ణరసంలోని ఆమ్లం కడుపు గోడనే కొరుక్కు తింటే పడే పుండు అది. జీర్ణాశయంలో ఉంటే గ్యాస్ట్రిక్, దాన్ని దాటి చిన్నపేగు మొదట్లో ఉంటే డుయోడినల్. ఇద్దరి ఇంటిపేరూ పెప్టిక్కే. ఆ రోజుల్లో నేరమంతా మిరపకాయ మీదా దిగుళ్ల మీదా మోపేవాళ్లం. ఒక సూక్ష్మజీవికి కూడా ఇందులో చెయ్యుందని మాకప్పటికి తెలియదు.

పరీక్షకు షరతు ఒకటే: ముందురోజు రాత్రి నుంచి నోట్లో ఏమీ పడకూడదు.

వరదాచారిగారు ఒక ఆలయ మడపల్లిలో, అంటే వంటశాలలో, నైవేద్యం వండేవారు. ఆకలైతే కడుపులో మంట, నాలుగు మెతుకులు పడితే శాంతి. ఆ మాట వినగానే రేడియాలజిస్టుగారు డుయోడినల్ అని అనుమానపడ్డారు.

మొదటి శనివారం ఆయన నేరుగా మడపల్లి నుంచే వచ్చి, నా చేతిలో ఒక దొన్నెడు మిరియాల పొంగలి పెట్టారు. కళ్లకద్దుకొని నోట్లో వేసుకున్నాను. తర్వాత ఉద్యోగధర్మంగా, ఏమైనా తిన్నారా స్వామీ అని అడిగాను.

"రాత్రి నుంచి పచ్చిగంగ ముట్టలేదప్పా. పెరుమాళ్ల మీద ఒట్టు."

ఫిల్ము కడిగి చూస్తే, తెల్లటి కడుపు నిండా నల్లటి చిల్లులు! జల్లెడకు ఎక్స్‌రే తీసినట్టుంది. తిండి ఉంటేనే అలా వస్తుంది. చీకటి గదిలో చూపు ఆనడానికి రేడియాలజిస్టుగారు ముందు ఇరవై నిమిషాలు ఎర్ర కళ్లద్దాలు పెట్టుకునేవారు. ఆ అద్దాలతోనే నా మీదికి వచ్చారు. నరసింహస్వామి స్తంభంలోంచి వచ్చినప్పుడు కూడా అంత ఎర్రగా చూసి ఉండడు.

రెండో శనివారం అదే పొంగలి, అదే ఒట్టు, అదే జల్లెడ. మూడో శనివారమూ అదే ఒట్టు, అదే జల్లెడ. నాకు జుట్టు పీక్కోవాలనిపించింది. పీక్కోవడానికి అప్పటికే ఎక్కువ మిగల్లేదు.

తిననివాడి కడుపులో తిండి కనిపిస్తే వైద్యశాస్త్రం ఒక్కటే అనుమానిస్తుంది. పుండు మానుతూ రేగుతూ మచ్చ బిగిసి, జీర్ణాశయపు బయటి ద్వారం మూసుకుపోయి, నిన్నటి అన్నం దిగడం లేదని. మరి వాంతులు లేవేమని ఎవరో అన్నారు గానీ, మూడు ఫిల్ముల సాక్ష్యం ముందు ఆ మాట నిలవలేదు. సర్జన్‌గారు ఆ రోజే, వచ్చే బుధవారానికి ఆపరేషన్ రాసేశారు.

వరదాచారిగారు నా గది ముందు బల్ల మీద కూలబడ్డారు. ఆయన భయం కత్తికి కాదు.

"కడుపు కోస్తే బరువెత్తకూడదంట గదా. గంగాళం ఎత్తలేనోణ్ణి మడపల్లిలో ఎవురు పెట్టుకుంటారప్పా?"

అంత దిగులులోనూ ఆనాటి దొన్నె నా చేతిలో పెట్టడం మరిచిపోలేదు. కళ్లకద్దుకొని పొంగలి నోట్లో పెట్టుకున్నాను. అటుగా బకెట్టుతో పోతున్న మా ఆయా మునెమ్మ ఆగింది.

"ఏం సార్, శనివారం ఒక్కపొద్దు, రాత్రి దాకా ఏం ముట్టనంటివే. ఏం నముల్తా ఉండావు?"

"ప్రసాదం మునెమ్మా. దీనికి ఒక్కపొద్దు చెడుతుందా?" అన్నాను. అన్నాక దవడ ఆగిపోయింది.

వరదాచారిగారి వైపు తిరిగి, పొద్దున మీరు కూడానా అని అడిగాను.

"నైవేద్యమైనాంక దొన్నెడు నోట్లో ఏసుకోకుండా ఎట్లొస్తాను? కాదంటే పాపం గదా! నువ్వు తింటివా అని అడిగినావు, లేదన్నాను. ప్రసాదం తిండి ఎట్లయితుందప్పా?"

మూడు శనివారాలుగా సాక్ష్యాన్ని నేను నెయ్యితో సహా నాకేశాను!

వెళ్లి రేడియాలజిస్టుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్నేమన్నారో ఇక్కడ రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. సోమవారం రాత్రి వరదాచారిగారిని వార్డులో చేర్చి, మునెమ్మను కాపలా పెట్టాం. ఆమె తీర్థం కూడా లోపలికి రానివ్వలేదు. మంగళవారం ఫిల్ములో ద్వారం భేషుగ్గా తెరుచుకొని ఉంది. చిన్నపేగు మొదట్లో చుక్క పెట్టినట్టు పుండు. సర్జన్‌గారు బుధవారం పట్టీలోంచి ఆయన పేరు కొట్టేశారు. ఆమ్లం విరిచే మందిచ్చి, ఖాళీ కడుపుతో ఉండొద్దని చెప్పారు.

"నేను ఇన్నాళ్లూ చేస్తుండింది అదే గదా!" అన్నారు వరదాచారిగారు.

ఆ తర్వాత సర్వీసంతా నేను ఏ రోగినీ తిన్నారా అని అడగలేదు. కాఫీ, మంచినీళ్లు, తీర్థం, ప్రసాదం, వక్కాకు, తలనొప్పి మాత్ర అంటూ పేరుపేరునా అడిగేవాణ్ణి. ఏది తిండో ఏది కాదో ఎవరి చట్టం వాళ్లకుంటుంది. రోగి తన చట్టం ప్రకారమే జవాబు చెబుతాడు. అడిగేవాడికి ఆ చట్టం తెలియకపోతే తప్పు అడిగినవాడిది. నాదీ అదే చట్టం, తెలిసీ తోచలేదు. శనివారాల్లో ఆ జాబితా చదివే ముందు, ప్రసాదం నెయ్యి వాసన పోయేలా ఒకసారి నోరు పుక్కిలించి వచ్చేవాణ్ణి.