రోడ్డు మీద యులాలీ ఇల్లు

మలుపు తిరగగానే సిల్వాన్ బ్రేకు తొక్కాడు. పక్కావిడ ఒళ్ళోని అరటిగెల జారి నా కాలి మీద పడింది. తలెత్తి చూస్తే ఎదురుగా, రోడ్డుకి అడ్డంగా, ఒక ఇల్లు.

కూలిన ఇల్లు కాదు. నాలుగు గోడలూ తలుపూ కిటికీ ఉన్న చెక్క ఇల్లు. కిటికీకి పువ్వుల తెర కూడా ఉంది, సముద్రపు గాలికి ఊగుతోంది. పైకప్పు మాత్రం లేదు. దాని రేకులు రోడ్డు పక్కన దొంతరగా ఉన్నాయి, వాటి మీద నలుగురు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఇంటి కింద రెండు పొడవాటి దూలాలు, దూలాల కింద రాళ్ళు, చుట్టూ చెమట తుడుచుకుంటున్న ముప్ఫై మంది దాకా జనం.

“యులాలీ అత్త ఇల్లు,” అన్నాడు సిల్వాన్ బస్సు ఇంజను ఆపేస్తూ. “కాస్త ఆలస్యమవుద్ది. దిగండి, దిగండి.”

బస్సులో ఎవరూ విసుక్కోలేదు. వెనక సీటు ముసలావిడ మాత్రం, “పొద్దున్నే శంఖం విన్నానే. ఇల్లింకా ఇక్కడే ఉందా?” అంది. ఆ తప్పు పట్టడం ఇంటిని కాదు, మనుషుల్ని.

నేను చాలా దేశాలు తిరిగాను. ఇల్లంటే పునాది అని నమ్మేవాళ్ళ మధ్య ఉన్నాను, గుడారమని నమ్మేవాళ్ళ మధ్యా ఉన్నాను. రాజ్యాంగాల మీద లావుపాటి పుస్తకాలు చదివాను. ఆస్తి హక్కు అధ్యాయం వచ్చినప్పుడల్లా కరీబియన్ దీవి డొమినికా తూర్పు తీరంలోని ఈ కలినాగో ఆదివాసుల నేలే గుర్తొచ్చేది. ఇక్కడ నేల అందరిదీ. అమ్మలేరు, కొనలేరు, తాకట్టు పెట్టలేరు. ఎవరికి ఎక్కడ చోటివ్వాలో వాళ్ళు ఎన్నుకున్న కౌన్సిల్ చెబుతుంది. ఇల్లు మాత్రం ఎవరిది వాళ్ళదే. నేల పనికిరాకుండా పోతే ఇల్లే లేచి నడుస్తుంది. ఇన్నేళ్ళుగా ఈ తీరాన్ని పట్టుకుని తిరుగుతున్నా, నడుస్తున్న ఇంటికి ఎదురుపడటం మాత్రం నాకు అదే మొదటిసారి.

ఇంటి వెనక నుంచి ఒక పొట్టి మనిషి వచ్చింది. ఈ దీవికి కలినాగోలు పెట్టుకున్న పాతపేరుకి ‘ఆమె ఒళ్ళు పొడుగు’ అని అర్థం. కొండల్ని చూసి పెట్టిన పేరు, యులాలీని చూసి కాదు. తలకి గళ్ళ గుడ్డ, చంకలో శంఖం, మోకాళ్ళ దాకా బురద. అరవై దాటి ఉంటాయి. నన్ను కిందికీ మీదికీ చూసింది.

“ఏం పెద్దాయనా, చేతులు ఖాళీయేనా?”

“ఖాళీయే.”

“భుజం?”

“ఎడమది బాగుంది.”

“అయితే కుడివైపు దూలం దగ్గర నిలబడు. ఎడమ భుజం దానికిందికే వస్తది. కుడిది ఇంట్లో దాచుకో.”

నిలబడ్డాను. ఇల్లు మాత్రం కదల్లేదు. పొద్దుటి నుంచి చదును రోడ్డు మీద బాగానే మోసుకొచ్చారట. ఇక్కణ్ణుంచి కొత్త చోటున్న గట్టు మీదికి నిలువెక్కుడు. రెండుసార్లు ఎత్తి రెండుసార్లూ దించేశారు. ఉన్నవాళ్ళు చాలరు. పడమటి కొండ మీద మబ్బు నల్లగా దిగుతోంది. కప్పులేని ఇల్లు ఒక్క వాన తాగితే చెక్క ఉబ్బుతుంది, బరువు రెట్టింపవుతుంది. వెనక్కి తీసుకెళ్దామంటే పాత చోటే లేదు. మరియా తుఫాను తర్వాత ఏరు దారి మార్చుకుని ఇంటి కింది ఒడ్డుని కొరుక్కుంటూ వచ్చింది. కిందటి వారం వెనక గుంజలు రెండు గాలిలో వేలాడాయి. ఇవాళ ఈ ఇల్లు పైకి ఎక్కితే ఉంటుంది, లేకపోతే లేదు.

“మిగతావాళ్ళేరీ?” అనడిగాను. యులాలీ మబ్బుకేసి చూసి అవతలికి వెళ్ళిపోయింది. జవాబు సిల్వాన్ చెప్పాడు, గొంతు తగ్గించి.

మొన్నటి కౌన్సిల్ ఎన్నికల్లో ఈ వాడ సీటుకి యులాలీ నిలబడింది. ఎదురు నిలబడ్డవాడు ఒక్టావ్, ఆమె పిన్ని కొడుకు. ఇద్దరూ ఒకే అరుగు మీద పెరిగినవాళ్ళు. ప్రచారంలో ఇద్దరూ ఒకరి చిన్ననాటి దొంగతనాలు ఒకరు మైకులో బయటపెట్టుకున్నారు. ఒక్టావ్ గెలిచాడు, పిసరంత తేడాతో. ఆనాటి నుంచి వాడ రెండైంది. పొద్దున శంఖం వినగానే ఒక్టావ్ వైపువాళ్ళు కూడా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు, ఈ పిలుపు మనక్కూడానా కాదా అని. ఒక్టావ్ కదిలితే కదులుదామని ఇంకా వాకిళ్ళలోనే నిలబడి ఉన్నారట.

ఈ ఇంటి సంగతి కొంత ఈ తీరంలో ముందే విన్నాను. యులాలీ తండ్రి, పడవలు చెక్కే ఆంబ్రోజ్ కట్టాడు. గోడల మూలల్ని పడవ ముక్కు బిగించినట్టు బిగించాడు. డేవిడ్ తుఫానులో కప్పు ఎగిరిపోతే తండ్రీ కూతురూ ఏటి వెంట నడిచి, ఏ రేకు ఎవరి దొడ్లో పడిందో వెతికి తెచ్చుకున్నారు. యులాలీ అప్పటికి పెళ్ళీడు పిల్ల. ఆ తర్వాత బుట్టలు పట్టుకుని పడవెక్కి పక్క దీవి గ్వాడలూప్ వెళ్ళి, అక్కడ చెరుకు తోటల్లో కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావంటే, “అక్కడ నిలబడ్డ చోటుకి కూడా అద్దె అడిగారు” అనేదట. అప్పటి నుంచి రెల్లు బుట్టలల్లడమే బతుకు. రెండు పొరల బుట్ట, మధ్యలో ఆకు, చుక్క వాన లోపలికి దిగదు. రాజధానిలో పర్యాటకులు కొనేవీ అవే, ఊళ్ళో చంటిపిల్లల బట్టలు దాచేవీ అవే. మరియా వచ్చి మళ్ళీ కప్పు పట్టుకుపోయింది. గోడలు మాత్రం కదల్లేదు.

ఆ తుఫాను తర్వాత ఒక ఆఫీసరు వచ్చి వేరే చోట కాంక్రీటు ఇల్లు ఇస్తామన్నాడు. మంచివాడే. యులాలీ అతనికి కోకో కాచి ఇచ్చి, “నాకు ఇల్లుంది నాయనా. అది నిలబడ్డ చోటే బాలేదు. చోటివ్వడానికి మా కౌన్సిలుంది, మొయ్యడానికి మా వాళ్ళున్నారు. నువ్వు కోకో తాగు,” అందట. ఈ మాట ఆ ఆఫీసరే నాకు చెప్పాడు, ఎంతో మురిసిపోతూ.

బస్సు వెనక రెండు లారీలు చేరాయి, తర్వాత చేపల వ్యాను, దాని వెనక ఒక జీపు. జీపులోంచి ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో ఒకాయన దిగాడు. రేకుల మీది ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఒక్టావ్!

“ఏంటక్కా, రోడ్డు మూసేశావ్?”

“నేనెక్కడ మూశాను కౌన్సిలర్ గారూ? అడ్డం ఉన్నది ఇల్లు. దాంతో మాట్లాడుకోండి.”

“నాకు పట్నంలో మీటింగుంది. మంత్రిగారి ఆఫీసులో.”

“దేని గురించో?”

ఒక్టావ్ కొంచెం తటపటాయించాడు. “రోడ్డు గురించి.”

ఆడవాళ్ళు నవ్విన నవ్వుకి కింది రేకులు కూడా మోగాయి.

“అయితే చెప్పండి వాళ్ళకి,” అంది యులాలీ. “మా రోడ్డు భేషుగ్గా ఉంది, ఇళ్ళు కూడా షికారు తిరుగుతున్నాయని.”

“నవ్వులు కాదక్కా. ఆ గట్టు మీద చోటు నీకివ్వాలని కౌన్సిల్లో మొదట చెయ్యెత్తిందెవరో తెలుసా?”

“తెలుసు. నువ్వే. చెయ్యెత్తావు. భుజమే ఎత్తలేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్టావ్ ముఖం ఎర్రబడింది.

“నన్ను పిలిచావా నువ్వు?”

“పొద్దున శంఖం నీ ఇంటి దాకా రాలేదా?”

“అందరి ఇళ్ళకీ వచ్చింది. మైకులో నన్ను అన్ని మాటలన్నాక, శంఖం ఊదేసి ఊరుకుంటే సరిపోద్దా? ‘ఒరే ఒక్టావ్, రారా’ అని ఒక్క మాట పంపిస్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“శంఖానికి పేర్లు రావురా,” అంది యులాలీ.

చేతి సాయానికి ఇక్కడ శంఖమే పిలుపు. పేరు పెట్టి ఒక్కణ్ణి అడిగితే, వాడు తనంతట తాను వచ్చే మనిషి కాదని ఊరందరి ముందూ చెప్పినట్టు. ఒక్టావ్‌కి అది తెలీక కాదు. తెలిసీ అడుగుతున్నాడు, గెలిచిన తమ్ముడికి అక్క నోట తన పేరు వినాలని ఉంది. యులాలీకి ఇల్లు పోయినా సరే ఆ పేరు నోట రాదు. తమ్ముణ్ణి అంత చిన్నవాణ్ణి చెయ్యడం ఆమెకి ఇష్టం లేదని నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి చినుకు ఇంటి నేల మీద టప్పున పడింది. లోపల ఏదో కోడి గొణిగింది.

“అడిగెయ్ అత్తా,” అన్నాడు సిల్వాన్ ఉండబట్టలేక. “ఒక్క మాటేగా.”

యులాలీ అతనికేసి చూసిన చూపుకి సిల్వాన్ వెళ్ళి తన బస్సు అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడామె ఒక్టావ్‌కి వీపు పెట్టి, సముద్రంకేసి తిరిగి, చంకలోంచి శంఖం తీసింది. ఊపిరి పీల్చుకుని ఊదింది. అంత పొట్టి ఒంట్లోంచి అంత పొడుగు కేక! ఏటి లోయలోకి దిగి, ఎదురు కొండకి తగిలి, తిరిగి మా మీదికే వచ్చింది. ఒక్టావ్ ఆమెకి ఐదారడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. వినలేదనడానికి వీల్లేదు. ఊది, శంఖం మళ్ళీ చంకలో పెట్టుకుని, వెనక్కి తిరక్కుండా అలాగే నిలబడింది.

ఒక్టావ్ మబ్బుని చూశాడు. ఇంటిని చూశాడు. తన బూట్లని చూసుకున్నాడు. తర్వాత జీపు మెట్టు మీద కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టాడు.

“పట్నానికి ఫోన్ చెయ్యి,” అన్నాడు డ్రైవరుతో. “కౌన్సిలర్‌ని దారిలో ఇల్లు ఆపిందని చెప్పు.”

పాంటు మడిచి, వట్టికాళ్ళతో వచ్చి, “ఎటువైపు?” అనడిగాడు.

“ఏటవాలు వైపు,” అంది యులాలీ ఇంకా సముద్రాన్నే చూస్తూ. “బరువంతా అటే పడుద్ది. కౌన్సిలర్ల చోటు అదే.”

అతను దూలం ముట్టుకున్నాడో లేదో, పై దొడ్లలోంచి జనం దిగడం మొదలుపెట్టారు. పొదల వెనకే కాచుకుని ఉన్నట్టున్నారు. ఒక కుర్రాడి తల మీద ఇంకా ఒక్టావ్ ఎన్నికల టోపీ ఉంది.

“తీసెయ్యనా అత్తా?”

“ఉంచుకో. వానకి పనికొస్తది. దానివల్ల నీకొచ్చే లాభం అదొక్కటే.”

లారీల వాళ్ళూ, చేపల వ్యానువాడూ దిగి వచ్చారు. యులాలీ ఇంటి ముందు నిలబడి, మా వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ అడుగు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఒక మాట అనేది, మేమందరం ఇంకో మాట అందుకునేవాళ్ళం, ఆ మాట మీద ఒక అడుగు. ఆమె మాటలన్నీ తిట్లే. ఎవరి తాత బద్ధకస్తుడో, ఎవరి మేక ఎవరి తోట మేసిందో, అన్నీ తాళానికి సరిపోయాయి. ఇల్లు లేచింది. నా భుజం ఎముక కరకరలాడింది. ఇల్లు నడిచింది.

సగం ఎక్కుడు మీద, బురదలో ఎవరి కాలో జారింది. ఇల్లు ఒక్కసారి ఏటవాలు వైపుకి ఒరిగింది. కిటికీ తెర ఎగిరి బయటికొచ్చింది.

“ఒక్టావ్!” అని అరిచింది యులాలీ.

“ఉన్నానక్కా!”

కింద నుంచి అతని గొంతు వచ్చింది, బరువుతో నలిగిపోయి. ఒరిగిన ఇల్లు అక్కడే ఆగింది. మెల్లగా నిటారుగా అయింది. యులాలీ మళ్ళీ తిట్లు అందుకుంది, ఈసారి కొంచెం గట్టిగా.

వాన బలం పుంజుకునేలోపే గట్టు మీద పాతిన గుంజల పైన ఇల్లు కూర్చుంది. ఆడవాళ్ళు రేకులు అందించారు. యులాలీ లోపలికెళ్ళి మూల బుట్టలో చెయ్యి పెట్టి చూసింది. పొదుగుతున్న కోడి దారి పొడుగునా గుడ్ల మీదే కూర్చుని ఉంది.

“దీనికున్న నమ్మకం ఊళ్ళో సగం మందికి లేదు,” అంది బయటికొచ్చి.

పొగచేపా చేమదుంపలూ పచ్చి అరటికాయలూ వేసిన పులుసు పెద్ద డేగిసాలో కాగుతోంది. ఒక్టావ్ బురద పాంటుతో వచ్చి గిన్నె చాచాడు.

“పేరు పెట్టి పిలిచావు,” అన్నాడు.

“ఇల్లు నీ మీద పడుతుంటే పిలిచాను. లేకపోతే పిలిచేదాన్నా?”

అని, డేగిసా అడుగు నుంచి గరిటె తిప్పి చేప ముక్క అతని గిన్నెలోనే వేసింది. కాసేపు తిన్నాక అతనన్నాడు, ఎవరితోనూ కానట్టు: “పై అడవిలో నా పడవ చెక్కడం అయిపోయింది. కిందికి లాగాలి.” యులాలీ విననట్టు పక్క గిన్నెలోకి పులుసు పోసింది.

ప్రపంచ పటంలో ఈ దేశాన్ని చూపించాలంటే వేలు పెట్టకూడదు, వేలు పెడితే దేశం కనపడదు. పెద్ద దేశాల పెద్ద సభల్లో పాలన గురించి చాలా ఉపన్యాసాలు విన్నాను. పాలించేవాడు బూట్లు విప్పుకుని ఏటవాలు వైపు నిలబడగా చూసింది మాత్రం ఇక్కడే. ఆ దూలం కింద నా భుజం కూడా ఉందని ఎక్కడికి పోయినా చెప్పుకుంటాను, ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.

బస్సు వెళ్ళిపోయింది. కొత్త చోట మొదటి రాత్రి ఇంట్లో అతిథి ఉంటే మంచిదని యులాలీ నన్ను ఉంచేసింది. తెల్లారి గుమ్మంలో కూర్చుని ఇద్దరం కోకో తాగుతున్నాం. సముద్రం మీద ఎండ పడుతోంది. కుడి భుజం కూడా నొప్పి పెడుతోంది, దాన్ని వాడనే లేదు.

“వచ్చే ఎన్నికల్లో మళ్ళీ నిలబడతావా?” అనడిగాను.

ఆమె కప్పులోకి ఊది, నవ్వి, ఏదో చెప్పబోయింది. అప్పుడే పై అడవిలోంచి శంఖం మోగింది. ఊదేవాడికి ఊదడం కొత్తలా ఉంది, మధ్యలో రెండుసార్లు తెగింది.

యులాలీ కప్పు మెట్టు మీద పెట్టింది. గళ్ళ గుడ్డ తలకి బిగించి కట్టుకుంది. గోడకి ఆనించిన, తుప్పలు కొట్టే కత్తి అందుకుంది. నా వైపు చూడనైనా చూడలేదు. తడిసిన గట్టు మీదుగా, అంత పొట్టి కాళ్ళతో అంత పెద్ద అంగలు వేసుకుంటూ, అడవి దారి పట్టి వెళ్ళిపోయింది. తలుపు బార్లా తెరిచే ఉంది. మెట్టు మీద కప్పులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.